నాన్నగారి సదరం స్లాట్‌కి ఎలా సిద్ధమవ్వాలి? మొదటిసారి క్యాంపుకి వెళ్తున్న చెల్లెమ్మకి సమాధానం

సదరం అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్లు పరీక్షించి, వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు. అడిగిన ప్రశ్న ఇది: "మా నాన్నకి 54 ఏళ్ళు, తాపీ మేస్త్రి. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో వరకు నడుస్తున్నాడు. గ్రామ సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేస్తే ఏరియా ఆసుపత్రికి రమ్మని మెసేజ్ వచ్చింది. ఏం తీసుకెళ్ళాలి, లోపల ఏం అడుగుతారు, ఏమీ తెలియక టెన్షన్‌గా ఉంది. నాన్నేమో అసలు రానంటున్నాడు. ఊళ్ళో ఒకాయన డబ్బులిస్తే 80 శాతం వేయిస్తానంటున్నాడు. పర్సెంటేజ్ తక్కువ వస్తే ఏం చెయ్యాలి?"

చెల్లెమ్మా, నాకు పసితనంలోనే పోలియో వచ్చింది, కాలిపర్ (కాలికి ఊతగా కట్టుకునే కడ్డీల పరికరం) వేసుకుని నడుస్తాను. వికలాంగుల సంఘంలో పనిచేస్తూ మావాళ్ళని సదరం క్యాంపులకి వెంటబెట్టుకుని వెళ్ళడం చాలా ఏళ్ళుగా నా పని. మీరు అడిగినవన్నీ ఒక్కొక్కటిగా చెప్తాను. అన్నిటికన్నా ముందు మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. డాక్టరు గారి ముందు మీ నాన్నగారు కూర్చునేది కొద్ది నిమిషాలే. ఆయనకి ఒక మామూలు రోజు ఎలా గడుస్తోందో ఆ కొద్ది నిమిషాల్లో ఉన్నదున్నట్టు, ఏదీ మిగిలిపోకుండా బయటికి రావాలి. పెంచి చెప్పినా నష్టమే, దాచుకున్నా నష్టమే. ఎక్కువమంది నష్టపోయేది దాచుకునే.

ముందు ఆ డబ్బులడిగే ఆయన సంగతి తేల్చేద్దాం. ఆసుపత్రిలో పరీక్షకి గానీ, పర్సెంటేజ్‌కి గానీ ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. వికలాంగులకి ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్‌లో ఉంది. పట్టుబడితే కేసు పడేది కాగితం మీద పేరున్న మీ నాన్నగారి మీద. 2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛన్లన్నిటినీ మళ్ళీ తనిఖీ చేశారు. మంచం మీద ఉన్నవాళ్ళ ఇళ్ళకి డాక్టర్ల బృందాలే వెళ్ళాయి, మిగతావాళ్ళని ఆసుపత్రులకి పిలిచారు. ఎంతోమందికి నోటీసులు వచ్చాయి. మీ నాన్నగారికి ఉన్నది నిజమైన వైకల్యం. దాని మీద అబద్ధపు అంకె ఎక్కించుకుంటే రేపు తనిఖీలో ఆ నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

80 శాతం వస్తే నెలకి పదిహేను వేలు వస్తాయని కూడా ఆయన ఆశ పెట్టి ఉంటాడు. ఎన్టీఆర్ భరోసా అనే మన రాష్ట్ర పింఛను పథకం కింద 2024 జూలై నుంచి వికలాంగులకి మామూలు పింఛను 6,000 రూపాయలు. 15,000 అనేది పక్షవాతంతోనో, ప్రమాదంలో దెబ్బతినో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో మంచానికి, చక్రాల కుర్చీకి పూర్తిగా పరిమితమైపోయినవాళ్ళకి. కర్ర సాయంతో ఇంట్లో తిరుగుతున్న మనిషికి అది వర్తించదు. దాని కోసం ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి చూపించమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. 6,000 పింఛనుకి కావలసింది 40 శాతం. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అక్కడిదాకా వెళ్ళడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదని నా నమ్మకం. అయితే అంకె వేసేది డాక్టర్లు, నేను కాదు.

ఇక నాన్నగారు రాననడం. అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైంది ఇక్కడే. ఊళ్ళో గోడలు లేపిన మనిషి, పదిమంది కూలీలకి పని చెప్పిన మనిషి. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, పేరు పిలిస్తే లోపలికి వెళ్ళి "నా చెయ్యి పని చెయ్యదండీ" అని చెప్పుకోవాలంటే ప్రాణం ఒప్పుకోదు. ఆ బాధని చిన్నది చెయ్యకండి. "అందరూ తీసుకుంటున్నారుగా నాన్నా, నీకేంటి" అంటే ఇంకా మొండికేస్తారు. చాలా ఇళ్ళల్లో బీపీ చూపించడానికని చెప్పి తీసుకొస్తారు. అది అస్సలు వద్దు. తీరా కౌంటరు దగ్గర సంగతి తెలిసేసరికి కోపం వచ్చి, లోపలికి వెళ్ళి "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అని వచ్చేసినవాళ్ళని నేను చూశాను. కనీసం వారం ముందే నిజం చెప్పండి. పక్క ఊళ్ళో పక్షవాతం వచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్న ఆయన ఈడువారు ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం ఇంటికి పిలవండి. కూతురు చెప్తే వినని మాట తోటి మనిషి చెప్తే వింటారు. ఇది ఎవరో జాలిపడి వేసే ధర్మం కాదనీ, చట్టం ఇచ్చిన హక్కనీ, ఇన్నేళ్ళు ఒళ్ళు వంచి పనిచేసిన మనిషికి రావలసిందనీ ఆ వచ్చిన మనిషి నోటితో చెప్పించండి.

చట్టం గురించి కొంచెం తెలిసి ఉండటం మంచిది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో 21 అయ్యాయి. కాళ్ళు చేతుల వైకల్యం, చూపు, వినికిడితో పాటు మాట, మానసిక అనారోగ్యం, ఆటిజం, తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా లాంటి రక్తపు జబ్బులన్నీ అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన ఉంటే చాలావరకు ప్రయోజనాలకి అర్హత. ఒక్కో వైకల్యాన్ని ఎలా కొలవాలో కేంద్రం 2018 జనవరిలో గెజిట్‌లో ప్రకటించింది, 2024లో మళ్ళీ సవరించింది. డాక్టరు గారు కళ్ళతో చూసి ఇంత అని ఉజ్జాయింపుగా వేసే అంకె కాదన్నమాట. లెక్క ఉంటుంది. ఆ లెక్కకి కావలసిన సమాచారం మీ దగ్గర్నుంచి వెళ్ళాలి.

అందుకే మీకు నేను చెప్పే అసలు పని ఇది. క్యాంపుకి నాలుగు రోజుల ముందు అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టుకుని ఒక తెల్లకాగితం మీద నాన్నగారి ఒక రోజు రాయండి. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా. మంచం మీంచి లేవడం ఎలా? తనంతట తను లేస్తారా, అమ్మ చెయ్యి అందించాలా? బాత్రూముకి వెళ్ళడం, కూర్చోవడం, కడుక్కోవడం ఎలా? పళ్ళు తోముకోవడం ఏ చేత్తో? చొక్కా ఎవరు వేస్తారు, లుంగీ ఎవరు కడతారు? అన్నం ఎవరు కలుపుతారు? గడప దాటడానికి ఏం పట్టుకుంటారు? రాత్రి ఒంటేలుకి లేస్తే ఎవరు లేవాలి? ఒక్కోదాని పక్కన మూడింట్లో ఒకటి రాయండి: తనే చేస్తారు, ఎవరో ఒకరు సాయం పట్టాలి, అసలు చెయ్యలేరు.

రాసేటప్పుడు "కష్టంగా ఉంది", "ఇబ్బంది పడుతున్నారు" లాంటి మాటలు వద్దు. వాటివల్ల డాక్టరుకి ఏమీ తెలియదు. "కుడి చేత్తో గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది, ఎడమ చేత్తో తాగుతారు" అని రాయండి. "బొత్తాలు పెట్టుకోలేరు, అమ్మ పెడుతుంది" అని రాయండి. "పోయిన నెలలో బాత్రూములో రెండుసార్లు పడ్డారు" అని, నిజంగా అన్నిసార్లే పడితే, రాయండి. ఒక్కసారి కుర్చీలోంచి లేవగలిగి, నాలుగోసారికి కాలు వణికిపోతుంటే ఆ ముక్క కూడా రాయాలి. క్యాంపులో ఒక్కసారే లేపి చూస్తారు కదా. చలికాలంలో చెయ్యి మరీ బిగుసుకుపోతుంటే అదీ రాయండి.

ఇవన్నీ ఎందుకంటే, కాళ్ళు చేతుల వైకల్యాన్ని కొలిచే మార్గదర్శకాల్లో ఉన్నవి సరిగ్గా ఇలాంటి పనులే. చేతికి సంబంధించి చూసేవి: తలపైకి వస్తువు ఎత్తడం, వేలితో ముక్కు ముట్టుకోవడం, మన పద్ధతిలో చేత్తో అన్నం తినడం, తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, మలవిసర్జన తర్వాత కడుక్కోవడం, గ్లాసుతో నీళ్ళు తాగడం, బొత్తాలు పెట్టుకోవడం, నాడా లేదా పంచె ముడి వేసుకోవడం, రాయడం. కాలికి సంబంధించి: చదునుగా ఉన్నచోట నడవడం, ఏటవాలుగా ఉన్నచోట నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ళ మీద నిలబడటం, దెబ్బతిన్న కాలి మీదే నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, నడుస్తూ వెనక్కి తిరగడం. క్యాంపు రద్దీలో ఇవన్నీ చేయించి చూసే తీరిక డాక్టరుకి ఉండకపోవచ్చు. సగం నోటితో అడుగుతారు, సగం చూసి గ్రహిస్తారు. మీ కాగితంలో ఇవి ఒక వరసలో ఉంటే ఆయన పని కూడా తేలికవుతుంది.

ఒకసారి మా పక్క మండలం ఆవిడతో వెళ్ళాను, ఆవిడకీ కుడి పక్కే పడిపోయింది. డాక్టరు "అన్నం మీరే తింటారా అమ్మా?" అన్నారు. "తింటానండీ" అంది. అబద్ధం కాదు. వెనకాల నిలబడ్డ కోడలు గబుక్కున, "ఎడం చేత్తో చెంచాతో తింటుందండీ, అదీ నేను కలిపిపెడితే. చేప అయితే ముల్లు తీసి పెట్టాలి" అంది. డాక్టరు రాస్తున్న పెన్ను ఆపి, ఆవిడ చేతిని ఒళ్ళోంచి తీసి, పైట కింద ముడుచుకుపోయి ఉన్న వేళ్ళని ఒక్కొక్కటీ తెరిచి చూశారు. బొటనవేలు అరచేతిలోకి గుచ్చుకున్నచోట గోరు గాటు పడి ఉంది. అప్పటిదాకా ఆయన ఆ చేతిని చూడలేదు. మనవాళ్ళు చచ్చుబడ్డ చేతిని అలవాటుగా పైట కిందో తువ్వాలు కిందో దాచుకుంటారు. మీ నాన్నగారి చెయ్యి బయటికి కనిపించేలా కూర్చోబెట్టండి.

మీరు పక్కన ఉండి మాట కలపొచ్చు. కానీ అన్నిటికీ మీరే జవాబు చెప్పెయ్యకండి. ముందు ఆయన్ని చెప్పనివ్వండి. వదిలేసిన దాన్ని మీరు అందించండి. డాక్టరు రిఫ్లెక్స్ సుత్తితో కొట్టి చూస్తారు, చేతిని వంచి బిగువు చూస్తారు, "నా చేతిని నెట్టండి" అని బలం చూస్తారు. కండరాల బలాన్ని 0 నుంచి 5 వరకు వేస్తారు. 5 అంటే మామూలు బలం, 3 అంటే ఎదురు ఏమీ లేకపోతే చెయ్యి పైకి లేపగలరని, 0 అంటే కదలికే లేదని. నాన్నగారికి చెప్పాల్సింది ఇంతే: లేపగలిగినంత లేపండి, రానిచోట ఆగిపోండి, నొప్పి పుడితే చెప్పండి. పంతానికి పోయి పళ్ళ బిగువున నాలుగడుగులు గబగబా నడిచి చూపిస్తారేమో, మగవాళ్ళల్లో అది ఎక్కువ. ఇంట్లో ఎలా నడుస్తారో అలాగే, కర్రతోనే నడవమనండి. రోజూ వాడే కర్ర, కాలికి కట్టే స్ప్లింట్ ఇంట్లో వదిలేసి రమ్మని ఎవరైనా చెప్తే వినకండి. అవి కూడా ఆయన పరిస్థితిలో భాగమే. వచ్చే కదలికని రానట్టు నటించమన్నా వినకండి. అలాంటివి డాక్టర్లకి ఇట్టే తెలిసిపోతాయి, ఆ తర్వాత మీ మాటలన్నీ అనుమానంగానే వింటారు.

మీ ప్రశ్నలో ఒక సంగతి లేదు. ఎడమ మెదడులో స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయినవాళ్ళల్లో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది. కొందరికి మాట ముద్దగా వస్తుంది, కొందరికి అనాలనుకున్న మాటే తట్టదు. మాట వైకల్యం చట్టంలో విడిగా ఉంది, దాన్ని విడిగా పరీక్షించాలి. చాలా ఆసుపత్రుల్లో ఎముకల డాక్టరు, చెవి ముక్కు గొంతు డాక్టరు, కంటి డాక్టరు, మానసిక వైద్యుడు వేర్వేరు రోజుల్లో చూస్తారు. నాన్నగారి స్లాట్ ఒక్క కాళ్ళు చేతుల వైకల్యానికే బుక్ అయి ఉంటే, మాట సంగతి సచివాలయంలోనూ ఆసుపత్రిలోనూ ముందే అడగండి. రెండూ కలిస్తే అంకెలు రెండూ కూడెయ్యరు. దానికో సూత్రం ఉంది. పెద్ద అంకెని అలాగే ఉంచి, 90లోంచి దాన్ని తీసేస్తే మిగిలినదాన్ని చిన్న అంకెతో హెచ్చించి, 90తో భాగించి కలుపుతారు. ఒకటి 50, ఇంకోటి 30 అనుకోండి, మొత్తం 80 రాదు, 63 దాకా వస్తుంది. ఇది తెలియక "మాకు 17 శాతం కోసేశారు" అని ఏడ్చినవాళ్ళకి లెక్క వేసి చూపించాల్సి వచ్చింది.

ఇప్పుడు కాగితాలు. స్లాట్ మెసేజ్ లేదా రశీదు, ఆధార్ కార్డు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, రేషన్ కార్డు. ఇవి ఎటూ తెలుసు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో, మీ దగ్గర పనిచేస్తున్న ఫోన్ నంబరే దానికి లింక్ అయి ఉందో ఈ వారమే చూసుకోండి. సర్టిఫికెట్‌లోకి పేరు అక్కడినుంచే వస్తుంది, తప్పుంటే ఆ తప్పు పింఛను దాకా వెంటాడుతుంది. పక్షవాతం ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. బిగుసుకున్న చేతి వేలిముద్ర మిషన్ మీద పడదు. సిమెంటు పని చేసినవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి కూడా. ఆధార్‌లో కంటిపాప నమోదు సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి. పింఛను ఇచ్చే రోజున కూడా పనికొస్తుంది.

మెడికల్ కాగితాల్లో ప్రాణం లాంటిది డిశ్చార్జ్ సమ్మరీ. స్ట్రోక్ ఎప్పుడు వచ్చింది, ఏ పక్క పడిపోయింది, ఇంటికి పంపేటప్పుడు బలం ఎంత ఉంది, అన్నీ అందులో ఉంటాయి. తర్వాత సీటీ స్కాన్ లేదా ఎంఆర్ఐ రిపోర్టు, ఫిల్ము. ఆ తర్వాత ఓపీ చీటీలు, ఫిజియోథెరపీ చేయించుకున్న కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. డిశ్చార్జ్ సమ్మరీ పోయిందంటే చేరిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో అడిగితే నకలు ఇస్తారు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీద చేరి ఉంటే ఆ వివరాలు కూడా చెప్పండి, వెతకడం తేలిక. పాత కాగితాలు ప్లాస్టిక్ కవరులో కుక్కి తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద కుమ్మరించకండి. డిశ్చార్జ్ సమ్మరీ పైన, మిగతావి తేదీల వరసలో, మీరు రాసిన రోజు కాగితం అన్నిటికన్నా పైన. ఒరిజినల్స్ ఒక ఫైలు, జిరాక్సులు ఇంకో ఫైలు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి.

పక్షవాతానికి సాధారణంగా ఆరు నెలలు దాటాకే చూస్తారు. ఈలోపు కదలిక తిరిగొచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి. మీకు ఆ ఇబ్బంది లేదు, ఏడాది అయింది. కానీ ఆ తేదీని రుజువు చేసేది కాగితమే, మాట కాదు.

వెళ్ళే రోజున మందులు మానిపించొద్దు. బీపీ, షుగర్ మాత్రలు వేళకి వెయ్యండి, టిఫిన్ పెట్టండి. పరీక్షంటే పరగడుపున వెళ్ళాలనుకుని ఖాళీ కడుపుతో వచ్చి వరసలో కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు ప్రతి క్యాంపులోనూ కనిపిస్తారు. మధ్యాహ్నం మాత్రలు, మంచినీళ్ళు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి, మధ్యాహ్నం దాటేదాకా పట్టొచ్చు. ముందువైపు బొత్తాలున్న చొక్కా, లుంగీ లేదా వదులు ప్యాంటు వెయ్యండి, మోకాలిదాకా తేలిగ్గా తియ్యగలిగేలా. ఒంటేలు ఆపుకోలేని ఇబ్బంది ఉంటే డైపర్ వెయ్యండి, ఒక జత బట్టలు అదనంగా పెట్టుకోండి. చేరగానే గేటు దగ్గరే చక్రాల కుర్చీ అడగండి. అడిగితే పర్సెంటేజ్ కోసం నాటకమాడుతున్నారనుకుంటారేమో అని మొహమాటపడకండి. ఆటో దిగినచోటి నుంచి క్యాంపు గది దాకా నడిపిస్తే లోపలికి వెళ్ళేసరికి మనిషి అలసిపోయి మాట కూడా రాదు. మీతో పాటు ఇంకొక మనిషి ఉంటే మంచిది, ఒకరు వరసలో, ఒకరు నాన్నగారి దగ్గర.

స్లాట్ తేదీకి ముందు రోజు ఆసుపత్రికి వెళ్ళో, తెలిసినవాళ్ళ చేత అడిగించో డాక్టరు వస్తున్నారో లేదో కనుక్కోండి. డాక్టరు సెలవు పెట్టిన రోజున దూరాన్నుంచి మనిషిని మోసుకొచ్చి తిరిగి తీసుకెళ్ళడం కన్నా ఇది నయం. ఈ కనుక్కునే భారం కదలలేని మనుషుల మీద పెట్టడం అన్యాయం, ఆ మాట మేము సంఘం తరఫున అధికారులకి చెప్తూనే ఉన్నాం.

సర్టిఫికెట్ చాలాసార్లు ఆ రోజే చేతికి రాదు. వచ్చాక సచివాలయంలోనో మీసేవలోనో తీసుకుని నాలుగు చూడండి: పేరు, వైకల్యం రకం, శాతం, తాత్కాలికమా శాశ్వతమా. తాత్కాలికమైతే గడువు తేదీ ఉంటుంది. గడువు తీరడానికి రెండు మూడు నెలల ముందే మళ్ళీ స్లాట్ కోసం తిరగడం మొదలుపెట్టాలి. ఇది గోడ మీద క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.

సర్టిఫికెట్ వచ్చిందంటే పింఛను వచ్చేసినట్టు కాదు. సచివాలయంలో దరఖాస్తు వేరేగా పెట్టాలి. కుటుంబ ఆదాయం, భూమి, నాలుగు చక్రాల బండి, కరెంటు వాడకం లాంటివన్నీ చూస్తారు. కొత్త పింఛన్లు మంజూరయ్యేదాకా ఆగాల్సి రావచ్చు. కానీ సర్టిఫికెట్ విలువ పింఛనుతో అయిపోదు. ఆర్టీసీ బస్సులో రాయితీ, కృత్రిమ పరికరాలు, మూడు చక్రాల బళ్ళు, ఇంకా చాలావాటికి ఇదే ఆధారం. రైల్వే రాయితీకి మాత్రం వేరే షరతులున్నాయి, విడిగా అడగాలి. మీ నాన్నగారు మేస్త్రి కదా, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో ఎప్పుడైనా పేరు నమోదు చేయించుకున్నారేమో ట్రంకు పెట్టెలో వెతకండి. కార్డు ఉంటే కార్మిక శాఖ ఆఫీసులో అడగండి. ఈ సంగతి చాలామంది మేస్త్రుల ఇళ్ళల్లో ఎవరికీ గుర్తుండదు.

శాతం తక్కువ వస్తే? ముందు కోపంతో గొడవ పడకండి, కాగితం చదవండి. ఏ వైకల్యం కింద ఎంత వేశారో చూడండి. కాలు ఒక్కటే చూసి చెయ్యి వదిలేశారా? మాట అసలు ఎక్కలేదా? అప్పుడు మీ దగ్గర చెప్పుకోవడానికి గట్టి కారణం ఉంటుంది. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు 59వ సెక్షన్ ఇచ్చింది. అప్పీలు ఎవరికి పెట్టాలో జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో చెప్తారు. రాతపూర్వకంగానే ఇవ్వండి, డిశ్చార్జ్ సమ్మరీ, రోజు కాగితం జిరాక్సులు జత చెయ్యండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. "అన్యాయం చేశారు" అని పేజీ నిండా రాసేకన్నా "కుడి చేతి పరీక్ష జరగలేదు" అన్న ఒక్క వాక్యానికి బలం ఎక్కువ. కొన్ని వైకల్యాలకి మాత్రం లెక్కలోనే 40 దాటదు. ఉదాహరణకి ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే. అలాంటివాళ్ళని అప్పీలు చేయిస్తానని తిప్పి డబ్బు గుంజేవాళ్ళున్నారు, మీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇది చదివే తెలంగాణవాళ్ళకి కూడా ఒక మాట. మీ దగ్గర ఇప్పుడు దరఖాస్తు యూడీఐడీ (వికలాంగులకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) పోర్టల్ ద్వారా, పింఛను 2023 జూలై నుంచి 4,016 రూపాయలు. పోర్టల్ వేరైనా డాక్టరు గదిలో జరిగేది ఇదే. యూడీఐడీ కార్డు రంగు చూసి కంగారు పడకండి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం.

ఇక మతి చెదిరినవాళ్ళనో, ఎదుగుదల లేని పిల్లల్నో తీసుకెళ్ళే ఇళ్ళవాళ్ళు కూడా రోజు కాగితం రాసుకోండి. అక్కడ పరీక్ష ఇంకా ఎక్కువగా ఇంట్లోవాళ్ళ మాట మీదే ఆధారపడుతుంది. బిడ్డ తనంతట తను తింటాడా, బట్టలు వేసుకుంటాడా, వీధిలోకి ఒంటరిగా వెళ్ళి రాగలడా అని తల్లిని అడుగుతారు. "మావాడు అన్నీ చేసుకుంటాడండీ" అని గర్వంగా చెప్పే తల్లులుంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ చెప్తే చేస్తాడా, చెప్పకుండా చేస్తాడా, పక్కన నిలబడితేనే చేస్తాడా అన్న తేడా చెప్పకపోతే ఆ బిడ్డకి రావలసింది రాదు.

చెల్లెమ్మా, మూడు సంగతులు మీరు రాయలేదు: నాన్నగారి మాట ఎంత స్పష్టంగా ఉంది, స్ట్రోక్ తర్వాత మూర్ఛ ఏమైనా వచ్చిందా, పేర్లూ దారులూ మర్చిపోతున్నారా. స్లాట్ ఏ వైకల్యం కింద బుక్ అయిందో రశీదు మీద చూసి, ఇవి కూడా ఇక్కడ రాయండి. రెండో స్లాట్ పెట్టించాలో వద్దో అప్పుడు చెప్తాను.